సుందరం గీసిన మూడో బాణం

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్ళో ఖాళీగా కనిపించిన ప్రతి గదిలోనూ ఒక ఆఫీసు పుట్టింది. గదులు చాలక గుడారాలు వేశారు. గుడారాలూ చాలక మా కాలేజీ ఫిజిక్సు లేబరేటరీ మీద పడ్డారు. ఉన్న ఒక్క హాలుకు మధ్యలో తడిక కట్టి, అవతలి సగం ఏదో ఆఫీసు కాగితాల మూటలకు ఇచ్చేశారు. తా దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, ఇవతలి సగంలో నలభైమంది ఇంటర్మీడియట్ విద్యార్థులు, నాలుగు బల్లలు, ఒక బీరువా, ఒక డిమాన్‌స్ట్రేటరు, ఒక అటెండరు. డిమాన్‌స్ట్రేటర్ని నేను. అటెండరు సుందరం. ఆ గదిలో ఫిజిక్సు తెలిసినవాడు ఒక్కడే ఉండేవాడు. అది నేను కాదని తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నా డిగ్రీని తక్కువ చెయ్యకండి. మద్రాసులో చదివి ఫస్టుక్లాసులో ప్యాసైనవాణ్ణి. మా రాజంపేటలో మా నాన్న ఆ సంగతి బస్సు కండక్టర్లకు కూడా చెప్పాడు. ఉద్యోగంలో చేరిన రోజున రెండు ప్యాంట్లు కుట్టించుకున్నాను. ఆ ప్యాంట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ కథలో నాకంటే వాటి పాత్రే పెద్దది.

సుందరానికి అప్పటికి నలభై అయిదేళ్ళు ఉంటాయి. సన్నటి మనిషి. రెండు గుండీలు మిగిలిన ఖాకీ చొక్కా, జేబునిండా అరిగిపోయిన సుద్దముక్కలు. ఆలూరు దగ్గర నల్లదిన్నె ఊరు. అయిదో తరగతి దాకా మిషను బడిలో చదివి, పాదిరిగారి ఉత్తరం పట్టుకుని కర్నూలు వచ్చి అటెండరయ్యాడు. తూనికరాళ్ళు తుడుస్తూ చర్చి కీర్తనలు కూనిరాగం తీసేవాడు. అప్పట్లో నేనూ "ఏయ్ సుందరం" అనేవాణ్ణే. నా కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాడు, అయినా అనేవాణ్ణి. ఇప్పుడు "ఆయన" అని రాయబోతున్నాను. సిగ్గు ఆలస్యంగానైనా వచ్చింది.

కొత్త విద్యార్థులకు నేను బల్ల గుద్ది పాఠం చెప్పేవాణ్ణి. బరువు, పొడుగు లాంటివాటికి ఎంత అన్నది ఒక్కటే చాలు. బలానికీ వేగానికీ ఎంత అన్నది చాలదు, ఎటు అన్నది కూడా కావాలి. అలాంటివాటిని బాణం గీతలుగా గీయాలి. రెండు బాణాలను సమాంతర చతుర్భుజానికి పక్కపక్క భుజాలుగా గీస్తే, మధ్యలో పోయే కర్ణం వాటి మొత్తం. ఇదంతా ఇంగ్లీషులో, ఒక్క గుక్కలో. పిల్లలు రాసుకునేవారు. ఏం రాసుకున్నారో వాళ్ళకు తెలియదు, ఏం చెప్పానో నాకూ అంతంతమాత్రమే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసి పుట్టిన సామెతే.

నేను కాఫీకి వెళ్ళగానే అసలు పాఠం మొదలయ్యేది. ఒకరోజు కళ్ళద్దాలు మరిచిపోయి వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"సూడు నాయనా," అంటున్నాడు సుందరం, బల్లమీద సుద్దతో గీస్తూ. "ఆలూరు కాడ్నించి ఆదోనికి పోతావు. అదొక బాణం. ఆదోని కాడ్నించి ఎమ్మిగనూరుకు పోతావు. అదింకొక బాణం. మొదటి బాణం కొస యాడ ఉండాదో, రెండో దాని తోక ఆడ్నే పెట్టాల. అంగుళానికి ఇన్ని మైళ్ళని కొలత తప్పగూడదు. ఇబ్బుడు ఆలూర్నించి ఎమ్మిగనూరుకు నేరుగా గీత కొట్టు. అదీ మూడో బాణం. రెండూ కూడితే వచ్చేది అదే."

"మరి తీసివేత?" అన్నాడొక విద్యార్థి.

"తీసివేతంటే వేరే ఏముండాదప్పా? రెండో బాణాన్ని మొగం ఎనక్కి తిప్పి, మళ్ళా కూడుకునేదే. ఎదురు తిరిగినోణ్ణి కూడుకుంటే అదే తీసివేత."

నేను మూడేళ్ళు మద్రాసులో చదివి ఇంత తేటగా వినలేదు. మెచ్చుకున్నానా? లేదు. లోపలికి పోయి, "బల్లమీద సుద్దగీత లేమిటి సుందరం, తుడువు" అన్నాను.

ప్రయోగం కూడా ఆయన చేతిలోనే ఉండేది. నిలువు బోర్డు, దాని పైన రెండు మూలలా రెండు చిన్న గిలకలు, మూడు దారాలు కలిసే ఒక ముడి. అటూ ఇటూ రెండు బరువులు, మధ్యలో మూడో బరువు. దారాల వెనక కాగితం పెట్టి గీతలు గీసుకుని, కొలత ప్రకారం బాణాలు గీస్తే, రెండింటి కర్ణం మధ్య బరువుకు సరిపోవాలి. మా గిలకలు తుప్పుపట్టినవి, కాబట్టి ఎవరికీ సరిపోయేది కాదు. తెలివైన విద్యార్థులు ముందు కర్ణం గీసుకుని తర్వాత భుజాలు పుట్టించేవారు. సుందరం మాత్రం గిలకలకు ఆముదం చుక్క వేసి, బోర్డుమీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. ముడి కదిలి తన చోటు తాను వెతుక్కునేది. లెక్క కుదిరేది. పరీక్షకులు వచ్చి "భేష్" అని నా భుజం తట్టేవారు. సొమ్మొకడిది, సోకొకడిది.

పంతొమ్మిదివందల యాభై అయిదు జూన్‌లో ఆలూరు హైస్కూలువాళ్ళు సైన్సు ప్రదర్శన పెట్టుకుని, రాజధాని కాలేజీ నుంచి ఎవరినైనా పంపమని ప్రిన్సిపాలుకు రాశారు. ఆలూరు తాలూకా రెండేళ్ళ కిందటిదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కొత్తగా మనవాళ్ళయ్యారు కదా, మన గొప్ప చూపించాలని ప్రిన్సిపాలు నన్ను పంపాడు. బోర్డూ గిలకలూ బరువులూ పెట్టిన చెక్కపెట్టె మోయడానికి సుందరాన్ని పంపాడు. ప్రదర్శనలో నేను మాట్లాడాను, ఆయన చేసి చూపించాడు. అందరూ నాకు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున సుందరం తల గోక్కుంటూ వచ్చాడు. "సార్, బస్సు సాయంత్రం గదా. మా ఊరు ఈడ్నించి మూడు మైళ్ళే. మా చెల్లెలు రాహేలమ్మను సూసి పోదామా? మీరొస్తే దానికి శానా సంతోషం."

సరే అన్నాను. ఎద్దులబండి కట్టించాడు. రాత్రి మృగశిర వాన దంచికొట్టింది. నల్లరేగడి చక్రాలకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. దారిపొడుగునా సుందరం ఆ మట్టిని చూసి మురిసిపోయాడు. చెల్లెలు భర్త పోయిన మనిషి, నాలుగెకరాల మెట్ట, రెండు ఎద్దులు. ఒకటి కర్రెద్దు, ఒకటి బొల్లెద్దు. బొల్లెద్దును ఆయనే ఎమ్మిగనూరు సంతలో దూడగా కొనిచ్చాడట. "ఈ తడి పదును మూడు దినాలకు మించి ఆగదు సార్. ఈలోగానే గొర్రు కట్టి కొర్ర యిత్తల్ల. మల్ల వాన యెప్పుడో దేవునికే తెల్సు. జత ఎద్దులుండాయి గాబట్టి భయం లేదు," అన్నాడు.

ఊరి పొలిమేరకు వచ్చేసరికి అరుపులు వినబడ్డాయి. జనం బావి చుట్టూ మూగి ఉన్నారు. సుందరం బండి దూకి పరుగెత్తాడు. బావిలో పడింది బొల్లెద్దే.

ఆ బావి సంగతి చెప్పాలి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల లోతు, ఎద్దులతో నీళ్ళు తోడే ఊరుమ్మడి కపిల బావి. ఉత్తరపు గట్టు అయ్యన్న వర్గానిది, దక్షిణపు గట్టు ఉరుకుందప్ప వర్గానిది. పదకొండేళ్ళ కిందట దేనిమీద విడిపోయారో ఇద్దరికీ జ్ఞాపకం లేదు గాని, విడిపోయిన సంగతి మాత్రం మూడుపూటలా జ్ఞాపకం ఉండేది. బావికి చుట్టుగోడ లేదు, ఎవరు కట్టించాలన్న దాని మీదా తగాదాయే. తర్వాతెప్పుడో కట్టించారు లెండి. అటువాళ్ళు అటు సగం, ఇటువాళ్ళు ఇటు సగం. మా గోడ వాళ్ళ గోడకు తగలగూడదని రెండు కొసల్లోనూ సందు వదిలేశారు, సరిగ్గా ఎద్దు పట్టేంత సందు.

ఆ పొద్దున బొల్లెద్దు నీళ్ళకు పోయి, తడిసిన గట్టు జారి లోపల పడింది. నీళ్ళు పొట్టలోతే కాబట్టి చావలేదు. కబురు తెలియగానే రెండు వర్గాలూ పరుగెత్తుకొచ్చాయి. అబ్బో, ఎంత దయ అనుకునేరు! అయ్యన్నవాళ్ళు ఎద్దును తీశారన్న మాట చెవిన పడితే ఉరుకుందప్ప అన్నం ముట్టడు. ఉరుకుందప్పవాళ్ళు తీశారంటే అయ్యన్న ఊరే వదిలిపోతాడు. కాబట్టి ఇద్దరూ తియ్యాల్సిందే. ఒకే గట్టున నిలబడి లాగడమా? రామ రామ! ఉత్తరపువాళ్ళ మోకు ఉత్తరానికి, దక్షిణపువాళ్ళ మోకు దక్షిణానికి. ఎద్దు పొట్ట కింద గోనెపట్టాలు వేసి కట్టిన ముడులు కూడా రెండు, ఒకరి ముడి ఒకరు నమ్మరు కాబట్టి.

మేము వెళ్ళేసరికి ఎద్దు గట్టుకు నాలుగడుగుల కిందిదాకా వచ్చి, బావి నట్టనడుమ గాలిలో వేలాడుతోంది. నాలుక బయటపడింది. కళ్ళు తేలవేసింది. అటు పాతికమంది, ఇటు పాతికమంది, మోకులు బిగిసి మూలుగుతున్నాయి. ఒక్క అంగుళం కదలడం లేదు.

"అడుగు నుంచి ఈడిదాకా గబగబా వచ్చె సార్, పది మందే లాగినారు," అంది రాహేలమ్మ అన్న చెయ్యి పట్టుకుని. "ఇప్పుడు యాభైమంది లాగుతాండారు, రానే రాదు. యేసయ్యా, ఇదేం పరీక్ష నాయనా!"

వర్గనాయకులకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. అందుకని తిట్లన్నీ ఎద్దుతో చెప్పుకుంటున్నారు.

"ఏమే ఎద్దా," అని అరిచాడు అయ్యన్న, "ఆ పక్కోళ్ళు తాడు పట్టుకోని నిద్రపోతాండారేమో అడుగు!"

"ఎద్దా, మా చేతులు నెత్తురు కారతాండాయని చెప్పు," అని ఇవతలి నుంచి ఉరుకుందప్ప. "సడలిస్తాండేది ఎవరో దేవుడు సూస్తాండాడని చెప్పు!"

ఎద్దు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ప్రతి అరుపుకూ ఇంకో అయిదుగురు వచ్చి తాడు పట్టుకుంటున్నారు. ఉత్తరపు మోకు ఒక చోట పీచు లేచింది.

సుందరం బండిలోంచి మా చెక్కపెట్టె దింపి, దాని మూతను బోర్లా పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీశాడు. గీత వంకరపోలేదు. "సార్, ఇట్ల సూడండి. ఎద్దు అడుగున ఉన్నప్పుడు తాళ్ళు రెండూ పైకి సూస్తాండె. ఇదొక బాణం, దీని కొసకు ఇదింకొక బాణం. మూడోది యెంత పొడుగొచ్చెనో సూడండి, అంతా పైకే. ఇప్పుడు ఎద్దు పైకొచ్చినాక తాళ్ళు అడ్డం పడిపోయినాయి. బాణాలు అంతే పొడుగు. కొసకు తోక కలపండి." కలిపాడు. మూడో బాణం గోరంత వచ్చింది. "ఎవురూ మోసం చేస్తా లేరు సార్. అందురూ పాణం పెట్టి లాగుతాండారు. ఉత్తరం లాగేది దక్షిణం కొట్టేస్తాండాది, దక్షిణం లాగేది ఉత్తరం కొట్టేస్తాండాది. ఎద్దుకు మిగిలేది ఇంతే."

ఏడాదిన్నరగా వారానికి రెండుసార్లు నేను చెప్పిన పాఠం అది. ఎదురుగా గాలిలో వేలాడుతుంటే నాకు కనబడలేదు!

సుందరం పోయి అయ్యన్నకు చెప్పాడు. "అయ్యన్నప్పా, ఒక్క మాట. రెండు పక్కలా లాగితే ఎక్కదు. అందురూ ఒకే పక్కకు రావల్ల."

"ఏమిరా సుందరం," అన్నాడు అయ్యన్న, "కర్నూల్లో కుర్చీలు తుడ్సుకునేటోడివి, మాకు తాడు లాగేది నేర్పిస్తాండావా? పో పక్కకు."

సుందరం బావి చుట్టూ తిరిగి ఉరుకుందప్ప దగ్గరికి పోయాడు. ఆయన అసలు వినలేదు. "ముందు వాని కాడికి పోయినావు గదా, ఆడ్నే ఉండు," అన్నాడు.

సుందరం తిరిగి నా దగ్గరకు వచ్చాడు. కోపం లేదు, ఏడుపు లేదు. తూకపురాయి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నవాడిలాగా నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "సార్, మీరు చెప్పండి."

"నేనా? ఏం చెప్పాలి?"

"నేను చెప్పినేదే. మీరు ప్యాంటు ఏసుకున్నారు గదా సార్. వింటారు."

పెట్టె ఎక్కాను. గొంతు సవరించుకున్నాను. "సోదరులారా! సమాంతర చతుర్భుజ సూత్రాన్ని అనుసరించి, రెండు బలముల మధ్య కోణము పెరిగిన కొలదీ వాటి ఫలితము..." అందుకున్నాను. జనం నోళ్ళు తెరిచి చూశారు. ఒక ముసలాయన మంత్రం అనుకుని చేతులు జోడించాడు. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎద్దు ప్రాణం పోతోంది, నేను గ్రాంథికం మాట్లాడుతున్నాను!

"అది వద్దు సార్," అని వెనకనుంచి సుందరం గొణిగాడు. "రుబ్బుడుగుండు తెమ్మనండి."

"రుబ్బుడుగుండు తెండి!" అని అరిచాను. ఎందుకో నాకే తెలియదు.

రాహేలమ్మ పరుగున పోయి ఇంట్లోంచి గుండు తెచ్చింది. సుందరం పదిమూరల తాడు నడుమ దాన్ని కట్టాడు. ఆయన గొణిగిన ప్రతి మాటా నేను గట్టిగా పలికాను. "అయ్యన్నగారూ, ఈ కొస మీరు పట్టండి! ఉరుకుందప్పగారూ, ఆ కొస మీరు! గుండు నేలమీంచి లేపి, తాడు వంపు లేకుండా చక్కగా సాగాలి! ఎవరు ముందు వదిలితే వాళ్ళు ఓడినట్టు!"

ఓడినట్టు అన్న మాట చాలు. పదకొండేళ్ళుగా ఇలాంటి అవకాశం కోసమే ఎదురుచూస్తున్నారు ఇద్దరూ. తలపాగాలు బిగించి, కాళ్ళు తన్నిపెట్టి లాగారు. గుండు లేచింది గాని తాడు చక్కనవలేదు. నడుమ ఒక వంపు. ఇంకా లాగారు. మెడనరాలు పొంగాయి, ఒకరి తలపాగా ఊడి బురదలో పడింది. వంపు వంపుగానే ఉంది. మూరెడు లేని రాయి! ఇద్దరు మొగధీరులు! చివరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎవరూ ఓడకుండా, ఇద్దరూ ఒకేసారి వదిలేశారు.

అప్పుడు సుందరం చెల్లెలి వైపు చూసి తల ఊపాడు. రాహేలమ్మ ముందుకు వచ్చి, రెండు కొసలనూ కలిపి పట్టుకుని, గుండును ఒంటిచేత్తో లేపింది.

అలాగే పట్టుకుని అంది. "ఇంతేనప్పా. ఇద్దురూ ఒక పక్కకు రాండి. మీ కాళ్ళు మొక్కుతా. నా ఎద్దు సచ్చిపోతాండాది."

బావికి తూర్పున కపిల ఉంది. రాతికూసాల మీద దూలం, దానికి పెద్ద గిలక. తోలుబానతో నీళ్ళు తోడడానికి ఎద్దులు దిగే ఏటవాలు దారి. మోకు గిలక మీదుగా పోతే, ఇవతల ఎంతమంది లాగినా అవతల ఎద్దుకు అంతా నిలువుగా పైకే. అందరూ ఆ దారిలోనే దిగాలి. అక్కడ చిక్కు వచ్చింది. దారి దిగేది అయ్యన్న చేలోకి.

"వాని బూమిలో కాలు పెట్టేదానికంటే ఆ బావిలో నేనే పడతా," అన్నాడు ఉరుకుందప్ప.

నేను వెనక్కి తిరిగి చూశాను. సుందరం ఒక్క క్షణం ఆలోచించాడు. "సార్, రాజధాని నుంచి వచ్చినామని చెప్పండి."

"వినండి!" అన్నాను. ఈసారి గొంతు దానంతటదే పెరిగింది. "నేను రాజధాని నుంచి వచ్చాను! ఈ కపిల దారి పొద్దు గుంకేదాకా ప్రభుత్వానిది! అయ్యన్నగారిది కాదు, ఎవరిదీ కాదు!"

ఏ ప్రభుత్వం, ఏ ఉత్తరువు అని ఒక్కడూ అడగలేదు. ఆ రోజుల్లో రాజధాని నుంచి వచ్చినవాడు చెప్తే చెల్లేది. రాజధానిలో మాకు కూర్చోను చోటు లేదని వాళ్ళకేం తెలుసు? ఉరుకుందప్ప దారి మొదట్లో చెప్పులు విడిచి, ప్రభుత్వం భూమిలో కాలుపెట్టాడు.

కాని మోకులు గిలక మీదికి మార్చాలంటే ముందు ఎద్దును మళ్ళీ కిందికి దింపాలి. అంత కష్టపడి ఎత్తినదాన్ని దింపడమా అని ఇరువైపులా గొణిగారు. రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దింపితే మళ్ళీ పైకి వస్తుందని ఎవరు హామీ? అన్నను చూసింది. "దించండప్పా," అంది. ఎద్దు మెల్లమెల్లగా నీళ్ళలోకి దిగిపోయింది, మమ్మల్నే చూస్తూ.

సుందరం చొక్కా విప్పి రాళ్ళమెట్లు పట్టుకుని బావిలోకి దిగాడు. రెండు వర్గాల మోకులనూ ఎద్దు వీపు మీద ఒకే ముడిలో వేశాడు. ఇంకొకరిని దింపుదామని నేను అంటే విన్లేదు. ఎద్దు లేస్తుండగా అది గోడకు కొట్టుకోకుండా కింద నిలబడి తోసేవాడు ఒకడు కావాలి. మోకు తెగితే మొదట ఆయన మీదే పడుతుంది. అది అందరికీ తెలుసు. ఆయన ఎద్దు మెడ నిమిరి, ముడి మీద వేలితో రెండుసార్లు తట్టాడు. నాకు లేబరేటరీలో బోర్డు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

యాభైమందీ గిలక మీదుగా వేసిన మోకులు పట్టి దారిలో దిగారు. అయ్యన్నవాళ్ళు ఎడమపక్క, మెడలు ఎడమకు తిప్పుకుని. ఉరుకుందప్పవాళ్ళు కుడిపక్క, మెడలు కుడికి తిప్పుకుని. మొహాలు ఎటు తిరిగితేనేం, కాళ్ళన్నీ ఒకే వైపు నడిచాయి. దూలం కిర్రుమంది. ఎద్దు లేచింది. పదడుగులు, ఇరవై అడుగులు. ఇందాక ఆగిపోయిన చోటు రాగానే అందరూ ఊపిరి బిగబట్టారు. అది ఆగలేదు. ముందుకాళ్ళు నీళ్ళు పడే తొట్టిబండకు ఆనగానే పదిమంది కొమ్ములూ తోకా పట్టి గట్టుమీదికి ఈడ్చేశారు. కాసేపు చచ్చినదానిలా పడుకుంది. తర్వాత లేచి నిలబడి, ఒళ్ళు విదిల్చి, ధారగా ఉచ్చపోసింది. అంత మంచి చప్పుడు నేను జన్మలో వినలేదు. రాహేలమ్మ దాని మెడ కౌగిలించుకుని "నా తండ్రీ, నా తండ్రీ" అని ఏడ్చింది.

ఆ వెంటనే, ఊపిరి కూడా తీసుకోకుండా, ఎవరి బలంతో లేచిందన్న తగాదా మొదలైంది. మా పక్క మోకే బిగువుగా ఉందని ఎడమవాళ్ళు, మా అడుగులే లోతుగా పడ్డాయి చూసుకోమని కుడివాళ్ళు. ఒక్క దానిమీద మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. కర్నూలు సారు దేవుడు. హనుమంతమ్మ అనే ఆవిడ ఆంజనేయస్వామి ఆకుపూజకని కట్టిన తమలపాకుల దండ తెచ్చింది. ఒక కొస అయ్యన్న, ఒక కొస ఉరుకుందప్ప పట్టుకుని నా మెడలో వేశారు. నేనేం చేశాను? వేయించుకున్నాను! పైగా విజ్ఞానశాస్త్రం వల్ల దేశం ఎలా బాగుపడుతుందో నాలుగు మాటలు చెప్పాను. సుందరం అప్పుడే బావిలోంచి పైకి వస్తున్నాడు, మోకాళ్ళు కొట్టుకుపోయి, ఒళ్ళంతా బురదతో. ఎవరూ చెయ్యి అందివ్వలేదు.

రాహేలమ్మ నా దగ్గరకు వచ్చి దణ్ణం పెట్టింది. "శానా బాగ చెప్పినారు సార్," అంది. కలిపిన చేతులు దించకుండానే, మెల్లగా అంది, "అంతా మా యన్న చెప్పినట్టే చెప్పినారు."

చెంపమీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. ఎగతాళి చేసిందో, నిజంగానే మెచ్చుకుందో ఆ మొహం చూస్తే తెలియలేదు. దండ తీసి పట్టుకుని గట్టిగా అరిచాను. "అయ్యా, అందరూ వినండి! నేను చెప్పిందేమీ లేదు! గుండు, గిలక, ప్రతి మాటా ఈ సుందరం చెప్పిందే! దండ ఈయనకు వెయ్యండి!"

అయ్యన్న కళ్ళు చెమర్చాయి. "సూస్తిరా, పెద్ద చదువులంటే ఇట్లుండల్ల! ఎంత అణకువ!" అన్నాడు. ఉరుకుందప్ప కూడా, పదకొండేళ్ళలో మొదటిసారి అయ్యన్న మాటకు తల ఊపాడు. నేను నిజం చెప్పి ఇంకొక మెట్టు పైకెక్కాను. ఇంక దిగే దారి కనబడలేదు.

సుందరం గడ్డిచుట్టతో ఎద్దు ఒళ్ళు రుద్దుతున్నాడు. దండ పట్టుకుని పక్కకు పోయి నిలబడ్డాను. "నాకెందుకు సార్ అది," అన్నాడు తలెత్తకుండా. "బొల్లెద్దుకు పెట్టండి, పొద్దున్నించి మేత లేదు." పెట్టాను. మూడే ముద్దల్లో దండంతా తినేసింది.

సాయంత్రం బండి ఎక్కుతుంటే, "సార్, రెండు దినాలు ఉండిపోతా. రేపంతా ఎద్దుకు కాపడం పెట్టల్ల, ఎల్లుండి గొర్రు కట్టల్ల. పదును ఆరిపోతాది," అన్నాడు. ఉండు, నేను చెప్పుకుంటానులే అన్నాను. పెట్టె నేనే మోసుకుని బస్సెక్కాను. అది అంత బరువని అప్పుడే తెలిసింది.

కాలేజీలో ప్రిన్సిపాలు నన్ను పిలిచి, ప్రదర్శన జయప్రదంగా నడిపినందుకు మెచ్చుకున్నాడు. సుందరం సెలవు సంగతి నోటితో చెప్పాను, తల ఊపాడు. మూడోరోజు సుందరం వచ్చి చీపురు పట్టుకోగానే, అనుమతి లేకుండా రెండు రోజులు రానందుకు సంజాయిషీ ఇమ్మని కాగితం అందింది, ఇంగ్లీషులో.

జవాబు నేనే రాశాను. ఈసారి ఒక్క ముక్క దాచలేదు. ఉత్తరపు గట్టు, దక్షిణపు గట్టు, రుబ్బుడుగుండు, ఎవరు ఆలోచించారు, ఎవరు పలికారు, ఎవరు బావిలో దిగారు, అన్నీ మూడు పేజీలు. చివర బొమ్మ కావాలి. కాగితం సుందరం ముందుకు తోశాను. ఆయన స్కేలు తీసుకుని, కింద ఎద్దు ఉన్నప్పుడు ఒకటి, పైన ఉన్నప్పుడు ఒకటి, కొసకు తోక తాకించి బాణాలు గీశాడు. కింద సంతకం చేశాడు. ప్రిన్సిపాలు కూడా ఫిజిక్సు ఎమ్మే. చూస్తాడు, కదిలిపోతాడు అనుకున్నాను.

నాలుగు రోజులకు కాగితం తిరిగొచ్చింది. మూలలో ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది.

"ఏం రాసినారు సార్?" అన్నాడు సుందరం గిలకకు ఆముదం వేస్తూ.

చదివి తెలుగులో చెప్పాను. "బొమ్మ సరిగ్గా ఉంది. సెలవు మంజూరు కాదు."

నేను ఆ కాగితం చింపబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి, సుద్దముక్కలుండే జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. "బొమ్మకు మార్కులు పడినాయి గదా సార్," అన్నాడు. తర్వాత బోర్డు మీద వేలితో రెండుసార్లు తట్టి, ముడి కుదురుకునేదాకా ఆగి, చెప్పాడు. "రాహేలమ్మ కార్డు రాయించింది. నాలుగెకరాలూ కొర్ర మొలిచిందంట సార్."